'వో' అంటే ఎవరు కాదు



పోయినసారి నేను రాసిన పార్శిల్ ఆఫీసు సంగతులు చదివి చాలామంది ఫోన్ చేసినారు. సంతోషం. ఈసారి రాసేది జర్మన్ భాష గురించి. నవ్వకండి. అరవై ఆరేళ్ల వయసులో నీకు జర్మన్ ఏమిటికిరా అని మా అన్నే అడిగినాడు. ఏమిటికో కడవరకు చదివితే మీకే తెలుస్తుంది. కొంచెం పెద్దదిగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందుగా ఎప్పుడూ చెప్పే మాటే చెప్తాను. నేను చదివింది అంతా తమిళ మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు రిటైరైన తరువాత మన సంఘం ఆదివారం క్లాసులో నేర్చుకున్నవి. మా కోవిల్‌పట్టి పక్క ఊర్లలో మనం మాట్లాడే తెలుగులో 'ఎక్కడ' లేదు, 'యాడ' అనే ఉంది. యాడ ఉండావు, యాడికి పోతావు, యాడనుంచి వస్తావు. క్లాసులో మాస్టారు 'ఎక్కడ' అని రాయాలి అన్నారు. రాస్తాను. కానీ ఈ వ్యాసంలో 'యాడ'కు కూడా పని ఉంది, మాస్టారు మన్నించాలి.

నా సర్వీసులో ఎక్కువ భాగం మధురై జంక్షన్‌లో గడిచింది. ఎంక్వైరీ కం రిజర్వేషన్ క్లర్క్ అనేది నా పోస్టు పేరు. రిజర్వేషన్ కిటికీలో కూర్చుంటే ఫారాలు వస్తాయి, ఎంక్వైరీ కిటికీలో కూర్చుంటే ప్రశ్నలు వస్తాయి. పాండియన్ ఎన్నో ప్లాట్‌ఫారం? వైగై ఎప్పుడు? ఈ బోగీ ఎక్కడ నిలుస్తుంది? రామేశ్వరానికి ఏ బండి? ఉత్తరాదినుంచి వచ్చే యాత్రికులకు తమిళం రాదు, ఇంగ్లీషు రాదు. "రామేశ్వరం, కబ్?" అంటారు. అంతే చాలు. ఊరి పేరు ఒకటి, ప్రశ్న మాట ఒకటి ఉంటే జవాబు చెప్పేయవచ్చు. మిగతా వాక్యమంతా మర్యాద కోసమే. ఒక భాషలో ప్రశ్న మాటలు తెలిస్తే ఆ ఊర్లో మనిషి తప్పిపోడు అని నేను అప్పుడే అనుకున్నాను.

నాకు పని నేర్పిన సీనియర్ ఒక మాట చెప్పినాడు. "తెలీదు అనే మాట ఈ కిటికీ దాటి బయటకు పోకూడదు. తెలీకపోతే కంట్రోలుకు ఫోన్ చేసి కనుక్కో, కానీ తెలీదు అనొద్దు." సర్వీసు అంతా ఆ మాట ప్రకారమే నడుచుకున్నాను.

ఇప్పుడు ఇంటి సంగతి. మా అబ్బాయి జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన ఇంజనీరు. కోడలు కోయంబత్తూరు పిల్ల, వాళ్లదీ తెలుగు ఇల్లే. మనవడు అక్కడే పుట్టినాడు. వాడు పోయే కిండర్‌గార్టెన్‌లో అంతా జర్మన్. ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులో చెప్తే వాడు అర్థం చేసుకుంటాడు, జవాబు మాత్రం జర్మన్‌లో ఇస్తాడు. నాకూ వానికీ మధ్య ఫోన్‌లో జరిగేది చేతులు ఊపడం, నవ్వడం, వాడు బొమ్మ రైలు చూపించడం, నేను "సూపర్" అనడం. వాళ్ల అవ్వకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. మా ఇంటామె మూడు నెలల వీసా మీద రెండుసార్లు పోయి వాణ్ణి పెంచి వచ్చింది. ఆమెకు జర్మన్ ఒక్క ముక్క రాదు, వానికి తెలుగు నోట రాదు, అయినా ఇద్దరూ గంటసేపు మాట్లాడుకునేవాళ్లు. ఫోన్‌ను కాఫీ పొడి డబ్బాకు ఆనించి పెట్టి, ఆమె వంట చేస్తా ఉంటే వాడు అటువైపు చూస్తా ఉండేవాడు.

రెండేళ్ల కింద ఆమె పోయింది. కార్యాలకు అబ్బాయి ఒక్కడే వచ్చి పోయినాడు. నాలుగు నెలలకు ముగ్గురూ కలిసి వచ్చినారు. వానికి అప్పుడు నాలుగేళ్లు. ఆటో దిగినాడు, చెప్పులు విడిచినాడు, తిన్నగా వంటింట్లోకి పరుగెత్తినాడు. వెనక్కి వచ్చి నన్ను చూసి అడిగినాడు. "వో ఇస్ట్ అవ్వ?"

నా చెవికి అది ఇంగ్లీషులాగా పడింది. వో అంటే హూ. ఇస్ట్ అంటే ఈజ్. "హూ ఈజ్ అవ్వ?" అవ్వ అంటే ఎవరు?

కడుపులో ఎవరో పిడికిలి పెట్టి గుద్దినట్టు అయింది. ఎత్తుకుని పెంచింది, డబ్బాకు ఫోన్ ఆనించి రోజూ మాట్లాడింది, నాలుగు నెలలకే అవ్వ ఎవరు అంటున్నాడు. వాణ్ణి చేయి పట్టుకుని హాలులో దండ వేసిన ఫోటో దగ్గరకు తీసుకుపోయి, "ఇదిరా అవ్వ" అన్నాను. వాడు ఫోటో చూసినాడు, తల అడ్డంగా ఊపినాడు, మళ్లీ "వో?" అన్నాడు. పెరట్లోకి పోయి చూసి వచ్చినాడు. నాకు కోపం వచ్చింది. వాని మీద కాదు, కోడలి మీద. పిల్లవానికి అవ్వ ఎవరో చెప్పి పెట్టాలి అనే ధ్యాస కూడా లేదా అని. ఆ సమయానికి వాళ్లిద్దరూ బయట సామాన్లు దింపుతున్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మనసులో పెట్టుకున్నాను. వాళ్లు తిరిగి పోయిన తరువాత కూడా కోడలు ఫోన్ తీసుకుంటే, "ఆ, బాగుండాను, పిల్లోనికి ఇయ్యి" అని రెండు మాటలతో ముగించేవాణ్ణి. ఇట్లా పది నెలలు.

మా వీధిలో ఒక నర్సమ్మాయి ఉంది. జర్మనీలో ఆస్పత్రి ఉద్యోగానికి భాష నేర్చుకుంటోంది. మనవనితో నాలుగు మాటలైనా మాట్లాడాలని ఆ పిల్లను అడిగినాను. సాయంత్రం డ్యూటీ లేనప్పుడు వచ్చేది. "తాత్తా, మొదట ప్రశ్న మాటలు నేర్చుకోండి, మిగతావి తరువాత" అన్నది. నా ఎంక్వైరీ బుద్ధికి అది సరిగ్గా సరిపోయింది. పాత క్యాలెండరు కాగితం వెనక వరసగా రాసింది. జర్మన్‌లో డబ్ల్యూ అక్షరాన్ని 'వ' అనే పలుకుతారు. ప్రశ్న మాటలు దాదాపు అన్నీ ఆ అక్షరంతోనే మొదలు.

వేర్ అంటే ఎవరు. వస్ అంటే ఏమి. వో అంటే ఎక్కడ. వన్ అంటే ఎప్పుడు. వీ అంటే ఎట్లా. వరూమ్ అంటే ఎందుకు.

మూడో వరస దగ్గర నా వేలు నిలబడిపోయింది. "అమ్మా, వో అంటే హూ కదా?" అన్నాను. ఆ పిల్ల నవ్వింది. "ఇంగ్లీషు తెలిసిన అందరూ పడే గుంట ఇదే తాత్తా. వేర్ వింటే ఇంగ్లీషు వేర్ లాగా ఉంటుంది, కానీ అర్థం ఎవరు. వో వింటే హూ లాగా ఉంటుంది, కానీ అర్థం ఎక్కడ. రెండూ తారుమారు."

ఆ రోజు పాఠం అంతటితో చాలు అన్నాను.

వాడు అడిగింది "అవ్వ ఎవరు" అని కాదు. "అవ్వ యాడ?" అని. వాడు ఆమెను మరిచిపోలేదు. ఫోన్‌లో ఎప్పుడూ వంటింట్లోనే చూసినాడు కాబట్టి వంటింట్లో వెతికినాడు, లేకపోతే పెరట్లో వెతికినాడు. నేను ఫోటో చూపించినాను. ఎక్కడ అని అడిగినవానికి ఎవరో చెప్పినాను. ఎంక్వైరీలో ప్రశ్న ఒకటైతే జవాబు ఇంకొకటి చెప్పిన క్లర్కును నేనే తిట్టి ఉంటాను.

ఆ రాత్రే కోడలికి ఫోన్ చేసినాను. "అమ్మా, నీ విషయంలో ఒక తప్పు చేసినాను" అని అంతా చెప్పినాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మామా, వాడు ఇప్పటికీ అడుగుతాడు. నేను ఒకరోజు దేవుని దగ్గర అన్నాను. ఒకరోజు నిద్రపోయింది అన్నాను. నిద్రపోయింది అన్నందుకు రెండు వారాలు రాత్రి పడుకోను అని ఏడ్చినాడు. నాకు చెప్పడం రావడం లేదు. ఈసారి మీరే చెప్పండి" అన్నది.

సరే అన్నాను. అనేసినాను కానీ, ఆరు మాటలు తెలిస్తే ప్రశ్న అర్థమవుతుంది, జవాబు చెప్పడానికి వ్యాకరణం కావాలి కదా. అక్కణ్ణుంచి మూడు నెలలు గట్టిగా చదివినాను. అందులో నాకు ఆశ్చర్యం కలిగించినవి కొన్ని మీకు చెప్తాను. మనలో చాలామంది పిల్లలు అక్కడ ఉన్నారు, పనికొస్తుంది.

మొదటిది. ఇంగ్లీషులో 'వేర్' ఒక్కటే అన్నిటికీ సరిపోతుంది. జర్మన్‌లో అట్లా కాదు. వో అంటే యాడ, వోహిన్ అంటే యాడికి, వోహేర్ అంటే యాడనుంచి. మన తెలుగులాగే మూడు. నర్సమ్మాయికి ఇది నేర్చుకునేటప్పుడు కష్టంగా ఉండింది అట. నాకు పుట్టినప్పటినుంచి నోట్లో ఉన్నదే. ఇంకొక మాట. మా ఇంటామె బయటికి పోయేవాళ్లను 'యాడికి' అని అడగనిచ్చేది కాదు, శకునం అని. "ఎందాకా?" అని అడగమనేది. వోహిన్ అని రాసినప్పుడల్లా ఆమె కోపంగా చూసినట్టే ఉంటుంది నాకు.

రెండవది. 'వేర్' అనే మాట పనినిబట్టి మారుతుంది. వేర్ అంటే ఎవరు, వేన్ అంటే ఎవరిని, వేమ్ అంటే ఎవరికి, వెస్సెన్ అంటే ఎవరిది. "వేన్ జూఖ్‌స్ట్ డూ?" ఎవరిని వెతుకుతున్నావు? "వేమ్ గిప్స్ట్ డూ డస్?" అది ఎవరికి ఇస్తావు? ఇంగ్లీషువాళ్లు 'హూమ్' అనేదాన్ని దాదాపు వదిలేసినారు. జర్మన్‌వాళ్లు వదలలేదు, మనమూ వదలలేదు, తమిళమూ వదలలేదు.

మూడవది. మనిషి గురించి అడిగితే ఒక మాట, వస్తువు గురించి అడిగితే ఇంకొక మాట. ప్లాట్‌ఫారం మీద నిలబడినవాణ్ణి "ఎవరికోసం కాచుకున్నావు" అని అడగాలంటే "ఔఫ్ వేన్ వార్టెస్ట్ డూ?" అంటారు. "దేనికోసం" అని అడగాలంటే "వోరౌఫ్ వార్టెస్ట్ డూ?" అంటారు. 'దేనితో' అనడానికి వాళ్ల మాట వోమిట్. ఇది చదివి నేను ఎంత నవ్వినానో, మీరూ ఇంగ్లీషు అర్థం అనుకుని నవ్వుకోండి.

నాలుగవది నాకు చాలా ఇష్టమైనది. మా తమిళ వాత్తియారు బడిలో చుట్టెళుత్తు, వినా ఎళుత్తు అని నేర్పించినారు. అ, ఇ చూపించే అక్షరాలు, ఎ అడిగే అక్షరం. తెలుగులోనూ అంతే. ఎక్కడ, అక్కడ. ఎప్పుడు, అప్పుడు. ఎంత, అంత. ఎట్లా, అట్లా. మొదటి అక్షరం మారిస్తే ప్రశ్న పోయి జవాబు వస్తుంది. జర్మన్‌లో 'వ' తీసి 'డ' పెడితే అదే పని జరుగుతుంది. వో, డా. వన్, డన్. వస్, డస్. వోమిట్, డామిట్. వరూమ్, డారూమ్. పిల్లలు పదేపదే వరూమ్, వరూమ్ అని పీడిస్తే విసిగిపోయిన పెద్దలు "డారూమ్!" అని నోరు మూయిస్తారట. మనం "ఎందుకంటే అందుకే" అన్నట్టు. 'ఇక్కడ'కు మాత్రం వాళ్లకు ఆ వరసలో మాట లేదు, 'హియర్' అని వేరే ఉంది.

ఈ 'వ' ఎక్కడిది అని చూసినాను. సంస్కృతంలో కః, కుత్ర, కదా. రైల్వేలో హిందీ ప్రబోధ్, ప్రవీణ్ పరీక్షలు రాసినప్పుడు నేర్చుకున్న కౌన్, కహాఁ, కబ్. జర్మన్ వేర్, వో, వన్ అన్నీ ఆ కుటుంబమే. ఆ పాత 'క' శబ్దమే వాళ్ల వైపు వచ్చేసరికి అరిగి 'హ్వ' అయి, తరువాత 'వ' అయింది. మన ఎవరు, ఎక్కడ మాత్రం తమిళం, కన్నడం పక్కవి. అంటే 'కబ్' అని అడిగిన ఆ యాత్రికుడు జర్మన్‌వానికి దూరపు చుట్టం, మనకు కాదు. అయినా వాక్యం కట్టడంలో కొన్నిచోట్ల వాళ్లు మనకే దగ్గర.

అదే ఐదవది. మనం ప్రశ్న మాటను వాక్యంలో ఎక్కడైనా పెట్టవచ్చు. "బండి ఎప్పుడు వస్తుంది", "ఎప్పుడు వస్తుంది బండి" రెండూ సరే. జర్మన్‌లో ప్రశ్న మాట మొదటి సీటు, క్రియ రెండో సీటు, రిజర్వేషన్ చేసినట్టే. "వన్ కొమ్ట్ డేర్ త్సూక్?" ఎప్పుడు, వస్తుంది, బండి. ప్రశ్న మాట లేకుండా అవును కాదు అని తేలే ప్రశ్న అయితే క్రియే ముందుకు వస్తుంది. "కొమ్స్ట్ డూ?" మనకు "వస్తావా" అని చివర ఒక దీర్ఘం తగిలిస్తే సరిపోతుంది.

అయితే ఆ ప్రశ్న ఇంకొక వాక్యంలోపల కూర్చుంటే క్రియ లేచి చివరి సీటుకు పోతుంది. "బండి ఎప్పుడు వస్తుందో చెప్తారా" అనాలంటే "క్యోనెన్ జీ మియర్ జాగెన్, వన్ డేర్ త్సూక్ కొమ్ట్?" కొమ్ట్ చివరకు పోయింది చూడండి, మన 'వస్తుందో' లాగా. నర్సమ్మాయికి ఇక్కడ చాలా తప్పులు వచ్చేవి, ఇంగ్లీషులో ఆలోచిస్తుంది కాబట్టి. నేను "అమ్మా, తమిళంలో ఆలోచించి చెప్పు" అన్నాను. తరువాత తప్పు పోలేదు ఆమె.

బడిలో నన్నూల్ చెప్పేటప్పుడు ప్రశ్నలు ఆరు రకాలు అని వాత్తియారు నేర్పించినారు. తెలిసినవాడు పరీక్షించడానికి అడిగేది ఒకటి, తెలియనివాడు తెలుసుకోవడానికి అడిగేది ఒకటి. పామా తాడా అని సందేహంతో అడిగేది. పప్పు ఉందా అని కొనడానికి అడిగేది. నీకు చొక్కా ఉందా అని ఇవ్వడానికి అడిగేది. చదివినావా అని అడిగి చదవమని చెప్పేది. మన పిల్లోడు అడిగినది రెండవ రకం. నిజంగా తెలియక, తెలుసుకోవాలని అడిగినది. దానికి సమాధానం ఇవ్వకుండా ఫోటో, దేవుడు, నిద్ర అని అందరమూ తప్పించుకున్నాము.

మూడు నెలల తరువాత ఒక ఆదివారం వీడియో కాల్ చేసినాను. కోడలు పక్కన కూర్చుంది. నేను కాగితం చేతిలో పెట్టుకున్నాను, కానీ చూడలేదు. "అవ్వ ఇస్ట్ నిష్ట్ డా" అన్నాను. అవ్వ లేదు. వో అని అడిగితే డా అని చెప్పాలి కదా, డా కాదు అని చెప్పినాను. చచ్చిపోయింది అనే మాట కూడా నేర్చుకున్నాను, అది కూడా చెప్పినాను. వాడు కదలకుండా విన్నాడు. కొంచెం ఆగి అడిగినాడు.

"వోహిన్ ఇస్ట్ జీ గెగాంగెన్?" యాడికి పోయింది?

ముప్పై ఏళ్లకు పైగా కిటికీలో కూర్చుని ఎన్నడూ అనని మాట ఆ రోజు అన్నాను. "ఇష్ వైస్ నిష్ట్, వోహిన్ జీ గెగాంగెన్ ఇస్ట్." యాడికి పోయిందో నాకు తెలీదు. క్రియ సరిగ్గా చివరకే వచ్చింది.

వాడు తల ఊపినాడు. "ఇష్ ఔఖ్ నిష్ట్" అన్నాడు. నాకూ తెలీదు అని.

కోడలు మొహం పక్కకు తిప్పుకుంది. వాడు తన బొమ్మ రైలు తెచ్చి నేల మీద నడిపించినాడు. ఆ రాత్రి నుంచి వాడు అవ్వ యాడ అని అడగడం మానేసినాడు అని కోడలు చెప్పింది. ఇప్పుడు వేరే అడుగుతాడు. అవ్వ ఏమి వండేది, నన్ను ఏమని పిలిచేది, నా అంత ఉన్నప్పుడు ఎట్లా ఉండేది అని. వాటికి నా దగ్గర జవాబులు ఉన్నాయి. జర్మన్ చాలకపోతే తెలుగులో చెప్తాను, కోడలు మార్చి చెప్తుంది. ఇప్పుడు ఫోన్ రాగానే ముందు ఆమెతోనే పది నిమిషాలు మాట్లాడుతాను.

బదులుకు నేనూ వానికి ఒక మాట నేర్పించినాను. పోయిన వారం ఫోన్ ఎత్తగానే నా వెనక ఖాళీ కుర్చీ చూసి, "తాత, యాడ?" అన్నాడు. నేను వంటింట్లో ఉంటిని. క్లాసు మాస్టారు 'ఎక్కడ' అని దిద్దకుండా ఉండాలని మనవి.

మన సంఘంలో పిల్లలు, మనవళ్లు విదేశాల్లో ఉన్నవాళ్లకు చెప్పేది ఒకటే. ఆ ఊరి భాష అంతా మనకు రాదు, అవసరమూ లేదు. ప్రశ్న మాటలు పది నేర్చుకోండి. పిల్లలు ఏమి అడుగుతున్నారో కనీసం అది సరిగ్గా వినండి. నేను వినలేదు, పది నెలలు ఒక మంచి పిల్లతో సరిగ్గా మాట్లాడలేదు.

రాతలో తప్పులుంటే చిన్నవాళ్లు దిద్దండి, పెద్దవాళ్లు మన్నించండి. వచ్చే ఆదివారం క్లాసులో కలుస్తాము.